సుద్దగీతల దుకాణం

వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఆదివారం పొద్దున

ఏమే మరదలా,

ఫోన్‌తో పోయేదానికి ఉత్తరమేమిటని మీ అన్నయ్య నవ్వుతున్నారు. ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనిస్తే కదా! సగంలోనే "ఊఁ ఊఁ, తెలిసింది వదినా" అంటావు. ఇక్కడైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

మన పాత షాపింగ్ సెంటర్ ఆనవాలు కూడా మిగల్లేదు. మెట్ల కింద చిరుగులు మాయం చేసే మన రఫ్ఫు కొట్టు, నువ్వు సూదులు గుచ్చి గుచ్చి చిల్లులు పెట్టిన గోడతో సహా పోయింది. అక్కడే ఇప్పుడు ఇనప స్తంభాలు లేచాయి. మధ్యలో ఊరంత కిరాణా సూపర్‌మార్కెట్టు, దాన్ని ఆనుకుని చుట్టూ చిన్న దుకాణాలు వస్తాయట. సరుకులకి వచ్చిన జనం మన గుమ్మాల ముందు నుంచే పోవాలని వాళ్ళ లెక్క. పాతవాళ్ళకి నచ్చిన చోటు ముందుగా ఎంచుకునే హక్కు ఇచ్చారు. పక్కనే రేకుల గదిలో లీజింగ్ ఆఫీసు పెట్టారు. అందులో ఒక అమ్మాయి ఉంది. కొలిచే టేపు మెడలో వేసుకునే తిరుగుతుంది. నేను టేపమ్మాయి అని పేరు పెట్టేశాను.

ఆ పిల్ల నా నెత్తిన ఇనపటోపీ బోర్లించి లోపలికి తీసుకెళ్ళింది. లోపల ఏముందనుకున్నావు? నేలమీద సుద్దగీతలు! గోడల్లేవు, తలుపుల్లేవు. "ఇది ఏడో నంబరండీ, ఇది ఎనిమిది, అదిగో అవతల పెద్దదంతా కిరాణా" అని గీతలు చూపిస్తోంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! నవ్వొచ్చింది. కానీ ఎనిమిదో నంబరు గీతల్లోకి అడుగు పెట్టేసరికి నవ్వు ఆగిపోయిందే. అంత వెలుతురు! ఎండ కాదు, కళ్ళలో పొడవదు. కిరాణా హాలుకి ఇంకా పైకప్పు లేదు, అటువైపు నుంచి మెల్లగా వచ్చి నేలంతా పరుచుకుంది. అక్కడే బకెట్ బోర్లించుకుని కూర్చుండిపోయాను. సంచిలో ఎవరిదో కోటు ఉంటే తీసి, దారాలన్నీ ఒళ్ళో పరుచుకుని చూశాను. నమ్ముతావా? నాకు రంగు తెలిసిపోయింది! ఏది బూడిద, ఏది నీలం కలిసిన బూడిద అని నాకు, నాకే, తెలిసింది.

ముందు వరసలో పార్కింగ్ వైపు ఒకటో నంబరు కూడా చూపించింది. పరంజాలకి ఆకుపచ్చ వలగుడ్డలు కట్టేసి అది గుహలా ఉంది. మనకొద్దని చెప్పేశాను.

వచ్చెయ్యవే. ఇద్దరం మళ్ళీ పక్కపక్కన కూర్చుందాం.

నీ కోసం బకెట్ మీద కూర్చున్న
వదిన


హోటల్ దుప్పట్ల గది నుంచి,
మధ్యాహ్నం విరామంలో

వదినా,

చివరిదాకా చదివాను, నీ మీద ఒట్టు. రెండుసార్లు చదివాను.

ఇక్కడ నా గది ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు కదూ. పొడుగాటి గది, చివర పెద్ద కిటికీ, కిటికీ అవతల సముద్రం. గది నిండా తెలుపే. దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లగుడ్డలు. కొట్టు మూతపడి ఈ పనికి వచ్చాక, రంగులు చూసే నన్ను తీసుకొచ్చి తెలుపులో పడేశారేమిటా అని మొదట్లో దిగులుపడ్డాను. ఇప్పుడు తెలుపులోనే ఎన్ని రంగులో! పాల తెలుపు, ఉప్పు తెలుపు, పళ్ళ తెలుపు, ఉతికి ఉతికి అలిసిపోయిన తెలుపు. చిరిగిన చోట కుట్టి పంపితే మళ్ళీ ఎవరి పడక మీదికో వెళ్ళిపోతుంది. వాళ్ళు నిద్రపోతారు, నా కుట్టు వాళ్ళ బుగ్గ కింద ఉందని వాళ్ళకి తెలియదు.

మధ్యాహ్నం ఇస్త్రీ ఆవిరి కమ్మేసి సముద్రం కనబడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అప్పుడు కళ్ళు మూతలు పడతాయి. ఆ మగతలో నీ కత్తెర చప్పుడు వస్తుంది. లేచి చూస్తే పక్కనెవరూ ఉండరు.

నీకు రంగు తెలిసిందా? మెరూన్ గౌనుకి కాఫీ రంగు దారం ఎక్కించి "దగ్గర దగ్గరగానే ఉందిలే" అన్న మహాతల్లివి నువ్వేనా? నేను ఆ గౌను లాక్కుని, పగటి వెలుతురులో రంగు చూడ్డానికి దారపుండలు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తడం, మెట్లు దిగేవాళ్ళు "ఏమ్మా, కొట్టు తగలబడుతోందా" అని అడగడం గుర్తుందా? మనిద్దరి కొట్టులో సగం నీ చేతులు, సగం నా కళ్ళు అనేవారు అన్నయ్య.

ఇప్పుడా పని వెలుతురే చేసిపెడుతోందన్నమాట. మంచిదేలే.

రావడం సంగతి ఆలోచిస్తాను. తొందరపెట్టకు.

మరదలు


వంటింటి బల్ల దగ్గరే,
కాఫీ చల్లారిపోతోంది

ఒసేయ్ ఆలోచనల పుట్టా,

నువ్వు ఆలోచిస్తూ కూర్చో. నేను సంతకం పెట్టేశాను! దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. ఎనిమిదో నంబరు మనదే.

షరతులు వింటే నవ్వుతావు. కిరాణా తెరిచి ఉన్నంతసేపూ మన షట్టరు కూడా తెరిచి ఉండాలట. బోర్డుల అక్షరాలన్నీ ఒకే ఎత్తుండాలట. కిరాణావాళ్ళు అమ్మే వస్తువేదీ మనం అమ్మకూడదట. వాళ్ళు సూదీ దారం ప్యాకెట్లు కూడా పెడతారు కాబట్టి మనం దారం అమ్మడానికి వీల్లేదు, కుట్టడానికి మాత్రం వాడుకోవచ్చు. మీ అన్నయ్య టేపమ్మాయిని, "అయితే మా ఆవిడ దారం మింగకుండా కూడా కాపలా కాస్తారా" అని అడిగారు. ఆ పిల్ల నవ్వాపుకోలేక టేపు పళ్ళ మధ్య పెట్టి కొరికింది.

మీ అన్నయ్యని గీతల్లోకి తీసుకెళ్ళి చూపించాను. ఆయన గీత బయట ఆగి, గాలిలో టకటకా తలుపు కొట్టారు. "ఎవరూ?" అన్నాను. "ప్యాంటు పొట్టి చేయించుకోవాలమ్మా" అన్నారు. "రేపు రండి" అన్నాను. ఆ పెద్దమనిషి నిజంగా వెనక్కి తిరిగి వెళ్ళిపోతే మళ్ళీ పిలుచుకు రావాల్సొచ్చింది. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం. పైన పక్షులు తిరుగుతున్నాయి. వాటి నీడలు మన కొట్టులోంచి కిరాణాలోకి, కిరాణాలోంచి మన కొట్టులోకి, అడ్డమేమీ లేనట్టు పోతున్నాయి. నీ కుర్చీ ఎక్కడో సుద్దతో గీసి వచ్చాను. ఎడమవైపు, వెలుతురు నీ భుజం మీదుగా పడేలా.

తాళాలాయన గుర్తున్నాడుగా, మన పక్కన కూర్చుని తాళంచెవులు చెక్కేవాడు. ఆయన ఆ గుహలాంటి ఒకటో నంబరు తీసుకున్నాడు. "చీకటైతే ఏమిటమ్మా, నాకు చేతులు చాలు" అన్నాడు. పాపం అనిపించింది.

సంతకం పెట్టేముందు టేపమ్మాయి, "మళ్ళీ ఒకసారి చూసుకోండి అమ్మగారూ, ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు" అంది. ధర పెరుగుతుందని తొందరపెడుతోంది కాబోలనుకున్నాను.

ఎప్పుడొస్తున్నావో రాయి.

దుకాణం గల
వదిన


దుప్పట్ల గది నుంచి,
వాన పడుతోంది

వదినా,

నీ గీతల కొట్టు నా కలలోకి వచ్చింది. కొట్టులో అన్నీ అమర్చేసి ఉన్నాయి. నువ్వు గీసిన కుర్చీ నేలమీద గీతగానే ఉంది. నువ్వు తల వంచుకుని కుడుతున్నావు. నేను గీత బయట నిలబడి "వదినా" అన్నాను. నువ్వు తలెత్తకుండానే, ఒక దారం తీసి వెలుతురుకి పెట్టి చూసి, సరిగ్గా సరిపోయిందని నీలో నువ్వే నవ్వుకున్నావు. నన్ను పిలవలేదు. చుట్టూ గోడ లేదు, తలుపు లేదు, అయినా లోపలికి రాలేకపోయాను.

నీ దగ్గర దాచడమెందుకు? ఇక్కడ నన్ను దుప్పట్ల గదికి పెద్దని చేస్తామంటున్నారు. మేనేజరమ్మ ఈ నెలాఖరుకి మాట చెప్పమంది. ఒప్పుకుంటే ఇక ఇక్కడే. ఇల్లు కూడా ఇస్తారు, దానికీ సముద్రం వైపు కిటికీ ఉంది.

కోప్పడకు, ఒక్క మాట చెబుతాను. మన ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. అన్నయ్య, నువ్వు కడుపులో పెట్టుకున్నారు. కానీ ఇంట్లో నేను అన్నయ్య చెల్లెల్నే. నేను లేకపోతే పని ఆగిపోయే చోటు నాకు ఒక్క కొట్టే ఉండేది. ఇప్పుడు నీకు మంచి వెలుతురు దొరికింది. రంగులు నీకే తెలుస్తున్నాయి. ఇక నేనెందుకు చెప్పు, నీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికా? అది ఉత్తరాల్లో కూడా చెప్పుకోవచ్చుగా.

ఉక్రోషంతో అనడం లేదు. నిజంగా అడుగుతున్నాను.

మరదలు


కొట్టు నుంచి,
హడావుడిలో

మరదలా,

ఏం పిచ్చి మాటలే అవి! నీకు కళ్ళు నెత్తికెక్కాయి. సముద్రం ఉందని బెదిరిస్తున్నావా? కొట్టు నీది కాదూ? రాగానే చెవి మెలిపెడతాను ఉండు.

ఇక్కడ పనులు జోరుగా సాగుతున్నాయి. గీతల మీద గోడలు లేచాయి. షట్టరు బిగించారు, ఎత్తితే ముసలి గుర్రాన్ని లేపినట్టు మూలుగుతుంది. కిరాణా తెరిచేశారు. మన గుమ్మానికి ఎదురుగా కూరగాయల విభాగం. అబ్బ, ఆ కూరగాయల మీద దీపాలు చూడాలి, టమాటాలు పగడాల్లా మెరిసిపోతాయి. ఇంటికి తెచ్చుకుంటే మామూలు టమాటాలే. జనం తోపుడుబండ్లు తోసుకుంటూ మన ముందు నుంచే పోతున్నారు. అద్దం బీరువా వచ్చింది. మీ అన్నయ్య ఒక బల్లదీపం కొన్నారు, సాయంత్రాల కోసం.

వెలుతురుకేం, బ్రహ్మాండం.

నమ్మకం లేకపోతే ఇదిగో, గుడ్డముక్క పంపుతున్నాను. ఒక పెద్దాయన నీలం కోటు తెచ్చాడు. మోచేయి చిరిగింది. ముందు అదే కోటు లోమడత ముక్క మీద కుట్టి చూసుకున్నాను, అదే ఇది. దారం నేనే ఎంచాను, మన కొట్టు వెలుతురులోనే. చిరుగు ఎక్కడుందో నువ్వే వెతుక్కో! ఇంత చక్కటి చోటుకి రానంటే నీ అంత పిచ్చిది ఇంకొకతె ఉండదు.

వెంటనే జవాబు రాయి.

వదిన


దుప్పట్ల గది,
కిటికీ దగ్గర

వదినా,

గుడ్డముక్క అందింది. కుట్టు నీదే, ఇంకెవరికీ అలా రాదు. వేలితో తడిమితే చిరుగు ఎక్కడో తెలియలేదు.

కోటు పెద్దాయన దాన్ని బయటికి తీసుకెళ్ళి చూసుకున్నాడా?

మేనేజరమ్మకి ఇవాళే నా మాట చెప్పేశాను. వివరంగా తర్వాత రాస్తాను.

మరదలు


వంటింటి బల్ల,
మీ అన్నయ్య నిద్రపోయారు

నా తల్లీ,

ఈ ఉత్తరం చదివాక నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇక నా వల్ల కాదు.

కొట్టులో వెలుతురు లేదే. చుక్క కూడా లేదు.

గోడలు వస్తాయని నాకు తెలియదా? తెలుసు. ఆ గీతలన్నీ గోడలేనని టేపమ్మాయి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. తలూపాను. గోడ వస్తే వెలుతురు అవతలే ఉండిపోతుందని మాత్రం నా బుర్రకి తోచలేదు. నా మనసులో గోడ కూడా సుద్దగీతలాగే ఉండిపోయింది, వెలుతురు దాన్ని దాటి వచ్చేస్తుందనుకున్నాను. కిరాణా హాలుకి పైన రేకులు పరిచిన రోజు సగం పోయింది. వెనక గోడ లేచిన రోజు మిగతాదీ పోయింది. పొద్దున్నే వెళ్ళి నిలబడితే నా చేతులు నాకే కనబడలేదు.

టేపమ్మాయి దగ్గరికి పరుగెత్తాను. "నేను తీసుకున్నది ఆ వెలుతురమ్మా" అన్నాను. పాపం, అగ్రిమెంటు మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, "వెలుతురు గురించి ఎక్కడా రాయలేదండీ అమ్మగారూ" అంది. వెక్కిరించలేదు, నిజంగానే వెతికింది. దాని కళ్ళలో నీళ్ళు చూసి నేనే ఊరడించాల్సొచ్చింది.

ముందు వరసలో వలగుడ్డలు విప్పేశారు. ఆ గుహ ఇప్పుడు అద్దాల మేడ. కళ్ళు మూసుకుని తాళంచెవులు చెక్కే ఆయన పొద్దస్తమానం వెలుతురులో కూర్చుంటున్నాడు. మారతావా అని అడుగుదామనుకున్నాను, అప్పటికే మెషీను నేలకి బిగించేసుకున్నాడు. గుమ్మంలో నిలబడి మురిసిపోతుంటే అడగడానికి నోరు రాలేదు.

కోటు పెద్దాయన తిరిగొచ్చాడు. కొట్టులో చూసి భేష్ అన్నవాడు పార్కింగ్‌లోకి వెళ్ళేసరికి మోచేతి మీద ఆకు మొలిచినట్టుందట. గుమ్మంలోంచి పడే కూరగాయల దీపాల వెలుగులో నేను నీలమనుకుని పచ్చదారం ఎక్కించాను. నీకు పంపిన ముక్కలో ఉన్నది కూడా ఆ దారమే. ఆ దీపాలు టమాటాలనే కాదు, నన్ను కూడా మోసం చేశాయి.

ఎందుకు దాచానంటావా? వెలుతురు ఉందంటేనే నువ్వొస్తావనుకున్నాను. మంచి చోటు చూసి పెడితే నీ మనసు తిరుగుతుందనుకున్నాను. నా స్వార్థం. నువ్వు లేని ఇంట్లో నాకు ఏమీ తోచడం లేదే. ఎవరితోనైనా గట్టిగా పోట్లాడి ఎన్నాళ్ళయిందో.

నువ్వు మేనేజరమ్మకి ఏం చెప్పావో తెలియదు. అక్కడే ఉంటానని చెప్పి ఉంటే మంచిదే. మానేసి వస్తానని చెప్పి ఉంటే, దండం పెడతాను, వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకో. ఈ చీకటి కొట్టు కోసం ఆ కిటికీని వదులుకోకు. నా తిప్పలు నేను పడతాను. నీ సముద్రం నీకుండనీ.

రాకు.

వదిన


రైల్వే స్టేషన్ నుంచి,
బెంచీ మీద, పెట్టె మీద కాగితం పెట్టుకుని

వదినా,

రాకు అన్న నీ ఉత్తరం టికెట్ కొన్నాక చేరింది. చేతులు కాలాక ఆకులు అంటే ఇదే. ఇది పోస్టులో వేసి రైలెక్కుతాను, ఏది ముందు వస్తుందో చూద్దాం.

నాకు తెలుసు వదినా. నీ గుడ్డముక్క వచ్చిన రోజే తెలిసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకున్నాను. నీలం మధ్యలో చుక్కలా పచ్చ. పగటి వెలుతురులో ఎంచిన దారమైతే అలా ఉండదు. నీ కళ్ళు మరీ అంత అన్యాయం కాదు. మహా అయితే కాఫీ రంగుకీ మెరూన్‌కీ తికమకపడతావు. మా వదిన చీకట్లో కూర్చుని కుడుతోందని అర్థమైపోయింది. నువ్వు రాసిన బల్లదీపం, పగడాల్లాంటి టమాటాలు మళ్ళీ చదువుకున్నాను. నవ్వాను, తర్వాత ఏడ్చాను.

నీకు ఒక సంగతి చెప్పాలి. నీ మొదటి ఉత్తరం, ఆ వెలుతురు ఉత్తరం చదివినప్పుడు నేను రాకూడదనే అనుకున్నాను. నువ్వు వెలుతురు గురించి ఎంత పొగిడితే నాకు అంత దిగులు వేసింది. నీకు రంగు తెలిసిపోయిందని నువ్వు సంబరపడుతుంటే, నా కుర్చీ కింద నేల లాగేస్తున్నట్టనిపించింది. నన్ను రప్పించాలని నువ్వు రాసిన ప్రతి ముక్కా నన్ను దూరం నెట్టిందే పిచ్చి వదినా! ఆ తప్పుడు దారమే నన్ను పిలిచింది.

అది చూసి, చేతిలో గుడ్డముక్కతోనే వెళ్ళి మేనేజరమ్మకి ఉద్యోగం వద్దని చెప్పాను. "ఎందుకమ్మా, అక్కడేముంది?" అంది. "మా వదిన కొట్టులో చీకటి పడిందండీ" అన్నాను. ఆవిడకి ఏమర్థమైందో గానీ, నా చెయ్యి పట్టుకుని వెళ్ళిరమ్మంది. వచ్చేముందు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. దిగులు లేదని అబద్ధమాడను. ఆ తెలుపులన్నీ నాకు కలలోకి వస్తాయి. రానీ, కలలకి అద్దె కట్టక్కర్లేదు.

ఇప్పుడు చెప్పింది విను. నేను వచ్చేదాకా ఒక్క దారం కొనకు. ఉన్నవాటిని ముట్టుకోకు. కోటు పెద్దాయన్ని మళ్ళీ రమ్మను, ఆ ఆకు పీకేసి కొత్తగా కుడదాం. టేపమ్మాయికి ఏడవద్దని చెప్పు. కొట్టు నుంచి పార్కింగ్‌కి దగ్గర దారి కిరాణా మధ్య నుంచేగా? కూరగాయలు, పప్పులు, సబ్బులు దాటుకుంటూ కోటు చెయ్యి ఒకటి, దారపుండలు నాలుగు పట్టుకుని రోజుకి పదిసార్లు పరుగెడతాను. తోపుడుబండ్లవాళ్ళు "ఏమ్మా, కొట్టు తగలబడుతోందా" అని అడగాలి. అలా నడవకూడదని అగ్రిమెంటులో ఎక్కడైనా రాసుందేమో, ఆ పిల్లని ఒకసారి వెతకమను.

రైలు వస్తోంది. నువ్వు సుద్దతో గీసిన చోటే నా కుర్చీ వెయ్యి, ఎడమవైపు. నేనొచ్చాక దీపం వెలిగించుకుని నువ్వు కుడుతూ ఉండు. వెలుతురు బయట ఉంటే ఉండనీ, నేను వెళ్ళి చూసొస్తాను.

నీ కళ్ళు